ఏనుగును కొన్నాక మేపాలి: ఒక పాత కయెన్ కథ

మడికొండలో మా మిత్రుడి ఇంటి ముందు ఆ బండి రాత్రంతా ఉంది. నల్లటి పోర్షె కయెన్ టర్బో, 2006 మోడల్, ఏపీ 09 నంబరు. అమ్మే ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చి, ఒక రాత్రి ఉంచుకుని తీరిగ్గా చూసుకొమ్మని తాళాలు ఇచ్చి వెళ్లాడు. సాయంత్రం చూసినప్పుడు నాలుగు చక్రాల మీదా సమంగానే ఉంది. పొద్దున మెట్టుగుట్ట రాళ్ల మీద ఎండ పడే వేళకి చూస్తే, ముందు ఎడమవైపు మూల నాలుగు వేళ్ల మందం కిందికి కుంగిపోయి ఉంది.

మిత్రుడు ఇక్కడి ఐటీ పార్కులో పనిచేస్తాడు. ఒకప్పుడు సినిమా వాళ్ల ఇళ్ల ముందు మాత్రమే కనిపించిన బండి, ఇప్పుడు కొత్త చిన్న కారు ధరకే వస్తోందని సంబరపడ్డాడు. కాజీపేట నుంచి పిలిపించిన మెకానిక్ వంగి చూసి, “గాలి దిగింది అన్నా. టైరుల కాదు, సస్పెన్షన్ల” అన్నాడు. ఆ ఒక్క మాటలో ఈ యంత్రం చరిత్ర సగం ఉంది.

1990ల మొదట్లో పోర్షె దివాలా అంచుదాకా వెళ్లింది. రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు మాత్రమే చేసే చిన్న కంపెనీ అది. 1993లో పగ్గాలు పట్టిన వెండెలిన్ వీడెకింగ్ ఖర్చులు కోసి, 1996లో బాక్‌స్టర్‌తో ఊపిరి నిలిపాడు. అయినా స్పోర్ట్స్ కారు ఒక్కదాని మీదే బతకడం ప్రమాదమని ఆయనకు తెలుసు. 1998లో ఫోక్స్‌వ్యాగన్‌తో కలిసి ఎస్‌యూవీ చేస్తామని ప్రకటించారు. లోపల దాని పేరు కొలరాడో. అదే చట్రం మీద ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్ కూడా పుట్టింది. కయెన్ బాడీ స్లొవేకియాలోని బ్రాతిస్లావాలో, ఇంజన్ జర్మనీలోని జుఫెన్‌హౌజెన్‌లో తయారైతే, లైప్‌జిగ్‌లో దీనికోసమే కట్టిన ఫ్యాక్టరీలో రెంటినీ కలిపి బిగించేవారు. 2002 పారిస్ మోటార్ షోలో దాన్ని లోకానికి చూపించారు.

పోర్షె అభిమానులు మండిపడ్డారు. పరుగు పందేల కంపెనీ లారీ లాంటి బండి చేయడమేమిటని పత్రికలు తిట్టిపోశాయి. జనం మాత్రం కొన్నారు. మొదటి తరంలోనే 2 లక్షల 76 వేలకు పైగా అమ్ముడయ్యాయి. 2020 డిసెంబరులో పది లక్షవ కయెన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. ఈ రోజుకీ పోర్షె స్పోర్ట్స్ కార్లు చేయగలుగుతోందంటే, అందులో ఈ బరువైన బండి సంపాదించి పెట్టిన డబ్బు చాలా ఉంది. అందుకే నాకు దీని మీద గౌరవం.

పేరు కూడా మనకు దగ్గరిదే. కయెన్ అంటే ఒక రకం ఎర్ర మిరప. మడికొండ నుంచి వరంగల్ దాటి కాస్త వెళ్తే ఏనుమాముల మార్కెట్. మిర్చి సీజన్‌లో అక్కడి యార్డు మొత్తం ఎరుపే. మన చపాటా మిర్చికి రంగెక్కువ, కారం తక్కువ. ఈ బండిలో మాత్రం రంగూ కారమూ రెండూ ఉన్నాయి.

కారం ఎంతంటే, తొలి కయెన్ టర్బోలో 4.5 లీటర్ల వీ8 ఇంజన్, రెండు టర్బోచార్జర్లు, 450 హార్స్‌పవర్. బరువు 2,355 కిలోలు. అంత బరువు 5.6 సెకన్లలో నిలిచిన చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. లెక్క కట్టి చూడండి. వంద వేగంలో ఉన్న కయెన్‌లో దాదాపు 9 లక్షల జౌళ్ల గతిశక్తి ఉంటుంది. అదే వేగంలో సుమారు 650 కిలోల మారుతి 800లో ఉండేది రెండున్నర లక్షలు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ శక్తంతా వేడిగా మారి డిస్కుల్లోకే పోవాలి. అందుకే దీని బ్రేకు డిస్కులు అంత పెద్దవి, అంత ఖరీదు. బండి పాతబడి ధర పడిపోయిందని దాని బరువు తగ్గదు, వేగం తగ్గదు, బ్రేకులు మింగే వేడి తగ్గదు. కొనేవాళ్లు మొట్టమొదట గుర్తుపెట్టుకోవలసింది ఇదే. బండి ధర మాత్రమే సెకండ్ హ్యాండ్. మేత ఎప్పుడూ కొత్త బండి మేతే.

ఇక కుంగిన మూల సంగతి. మామూలు కారు స్టీలు స్ప్రింగుల మీద నిలబడుతుంది. ఈ కయెన్ నాలుగు మూలలా రబ్బరు గాలి సంచుల మీద నిలబడింది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కితే పైకి తన్నే బలం ఎలా ఉంటుందో, ఇక్కడా అంతే. ఒక చిన్న కంప్రెసర్ గాలి కొడుతుంది. వాల్వులు ఏ మూలకు ఎంత కావాలో పంచుతాయి. ప్రతి చక్రం దగ్గరా ఉన్న సెన్సర్ బండి ఎంత ఎత్తులో ఉందో కంప్యూటర్‌కు చెబుతుంది. సామాన్లు ఎక్కించుకోవడానికి 157 మిల్లీమీటర్లకు దిగుతుంది, రాళ్ల దారిలో 273కి లేస్తుంది. ఒకే బండి రోడ్డు మీద స్పోర్ట్స్ కారులా, అడవిలో జీపులా నడిచిందంటే చాలావరకు ఈ గాలి వల్లనే.

రబ్బరుకు ఒక జబ్బుంది. నడిచినా నడవకపోయినా అది ముసలిదవుతుంది. ఎండ, ఓజోన్, దుమ్ము కలిసి మడతల దగ్గర సన్నటి పగుళ్లు తెస్తాయి. మన దగ్గర మే నెల ఎండలు దాన్ని ఇంకా తొందరపెడతాయి. మెకానిక్ ఒక మగ్గులో సబ్బు నీళ్లు కలిపి, బ్రష్షుతో ఆ సంచి అడుగు మడత మీద పూశాడు. కాసేపటికి ఆవగింజంత బుడగ లేచింది. పగిలింది. అదే చోట ఇంకోటి. మీటరు మీద అరవై వేల కిలోమీటర్లే ఉన్నాయి. ఆ బుడగలు దాదాపు ఇరవై ఏళ్ల వయసు చెబుతున్నాయి. నష్టం ఆ సంచితో ఆగదు కూడా. కారిన గాలిని నింపడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి కాలిపోతుంది.

తర్వాత మెకానిక్ అడిగిన ప్రశ్న అంతకన్నా పెద్దది. “కూలెంట్ పైపులు మార్చిన బిల్లు ఉన్నదా?”

వీ8లో నాలుగు సిలిండర్లు ఇటు, నాలుగు అటు వాలి ఉంటాయి. నడుమ ఒక లోయ. 2003 నుంచి 2006 దాకా వచ్చిన వీ8 కయెన్లలో కూలెంట్ పైపులను ఆ లోయలోంచే తీసుకెళ్లారు. పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్ మూతలా కప్పేస్తుంది. గాలి ఆడదు, వేడి కదలదు. ఆ పైపులు ప్లాస్టిక్‌వి. రోజూ వంద డిగ్రీలకు దగ్గరగా వేడెక్కి, రాత్రి చల్లారి, మళ్లీ వేడెక్కి, ఏళ్ల తరబడి అలా ఉడికిన ప్లాస్టిక్ బిస్కెట్‌లా పెళుసెక్కుతుంది. ఒకరోజు విరుగుతుంది. కూలెంట్ లోయలోకి కారి అక్కడే ఉన్న స్టార్టర్ మోటారును తడుపుతుంది. గమనించకుండా నడిపితే ఇంజనే పోతుంది. దీనికి మందు అల్యూమినియం పైపులు. పైపుల ధరను మించి పైనున్నవన్నీ విప్పి తిరిగి బిగించే కూలీ అవుతుంది. అంత గొప్ప ఇంజన్ తలరాతను అంత చౌక ప్లాస్టిక్‌కు వదిలేయడం ఆ ఇంజనీర్లు చేసిన తప్పు. ఆ మాట ఇక్కడ సూటిగానే అంటున్నాను.

బిల్లు లేదని ఫోన్‌లో తేలింది. వెనక చక్రాలకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును మధ్యలో మోసే బేరింగ్ చుట్టూ ఉన్న రబ్బరు కూడా చిరిగిందేమోనని మెకానిక్ కిందికి దూరి చూశాడు. అది బాగానే ఉంది. అది చిరిగితే వేగం అందుకునేటప్పుడు కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు దడదడలాడుతుంది.

కాగితాల దగ్గరా వయసు లెక్కే. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఈ బండికి ఒకసారి పొడిగింపు అయింది, గడువు 2026 దాకానే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై 2014, 2015లో వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి ఖరీదైన ఎస్‌యూవీలు దక్షిణానికి చౌకగా దిగుతూ వచ్చాయి. వాటికైతే అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కలుపుకుంటే గానీ అసలు ధర తేలదు. ఫైనాన్స్ తీరిందో లేదో ఆర్‌సీలో చూసుకోవాలి.

మిత్రుడు ఆ రోజు తాళాలు తిరిగి ఇచ్చేశాడు. అతని కోరిక చావలేదు, నేను చంపాలనీ చూడలేదు. అలాంటి యంత్రాన్ని ప్రేమించడంలో తప్పేమీ లేదు. పైపులు మార్చిన బిల్లు ఉన్న బండి కోసం ఇప్పటికీ వెతుకుతున్నాడు. మీరూ అలాంటిది చూడబోతుంటే, రాత్రంతా ఒకే చోట నిలిపిన బండినే పొద్దున్నే వెళ్లి చూడండి. తాళం తిప్పకముందే నాలుగు మూలల ఎత్తూ టేపుతో కొలవండి.