ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు - క్యాన్సర్ వైద్యం

పరిచయం

పుట్టినప్పుడు నమోదైన లింగానికి, వ్యక్తి తనకు తానుగా గుర్తించుకునే జెండర్‌కు మధ్య తేడా ఉండవచ్చు. ఈ తేడా ఆసుపత్రిలో ఎలాంటి ఫలితాలకు దారితీస్తుందో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఇందుకు క్యాన్సర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. చాలా రకాల క్యాన్సర్లను తొలి దశలో గుర్తిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ. అందువల్ల వైద్యం అందడంలో జరిగే ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఒక ఉదంతం: రాబర్ట్ ఈడ్స్

రాబర్ట్ ఈడ్స్ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో నివసించిన ట్రాన్స్ పురుషుడు. అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, తరువాత పురుషుడిగా జీవించిన వ్యక్తి. 1996లో ఆయనకు అండాశయ క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. డజనుకు పైగా వైద్యులు ఆయనకు చికిత్స చేయడానికి నిరాకరించారు. అలాంటి రోగిని చేర్చుకుంటే తమ పేరు దెబ్బతింటుందని కొందరు భయపడ్డారు. 1997లో ఒక వైద్య కళాశాల ఆసుపత్రి చికిత్స మొదలుపెట్టింది. అప్పటికే వ్యాధి ఇతర అవయవాలకు పాకింది. 1999 జనవరిలో, 53 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. ఆయన చివరి ఏడాదిని చూపిన ‘సదరన్ కంఫర్ట్’ అనే డాక్యుమెంటరీ 2001లో విడుదలైంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆయనను కాదన్నవారికి చికిత్స తెలుసు. కనుక ఇది వైద్యశాస్త్రపు పరిమితి వల్ల జరిగింది కాదు. దీనిని సామాజిక అవరోధంగా అర్థం చేసుకోవాలి.

రికార్డులోని లింగం, శరీరంలోని అవయవం

ఎవరూ నిరాకరించకపోయినా ఆలస్యం జరగవచ్చు. ముందస్తు పరీక్షలను సాధారణంగా ‘స్త్రీలకు ఇవి, పురుషులకు ఇవి’ అని విభజిస్తారు. ఈ విభజన వల్ల కలిగే ఇబ్బందులు చూడండి.

1. ట్రాన్స్ పురుషులు: గర్భాశయ ముఖద్వారం ఉన్నంత కాలం దానికి క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంటుంది. రికార్డులో ‘పురుషుడు’ అని ఉంటే ఆ పరీక్షకు పిలుపు రాకపోవచ్చు. టెస్టోస్టిరాన్ వాడేవారిలో అక్కడి పొర పలచబడుతుంది. దీనివల్ల పాప్ స్మియర్ పరీక్ష నొప్పి కలిగించవచ్చు, తీసిన నమూనా పనికిరాకుండా పోవచ్చు. నమూనాను రోగి స్వయంగా తీసుకోగల హెచ్‌పీవీ పరీక్ష ఇలాంటివారికి అనుకూలం.

2. ట్రాన్స్ మహిళలు, హిజ్రాలు: వృషణాలు తొలగించుకున్నా ప్రోస్టేట్ గ్రంథి శరీరంలోనే ఉంటుంది. దాని క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. ఈస్ట్రోజన్ వాడేవారి రక్తంలో పీఎస్‌ఏ స్థాయి తగ్గుతుంది. కాబట్టి ఇతరుల విషయంలో ‘మామూలే’ అనిపించే అంకె వీరి విషయంలో వ్యాధిని కప్పిపుచ్చవచ్చు. వీరిలో రొమ్ము క్యాన్సర్ ముప్పు పురుషులకన్నా ఎక్కువ, స్త్రీలకన్నా తక్కువ అని 2019లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనం తెలిపింది.

ఈ రెండింటి నుంచి ఒక సూత్రం తేలుతుంది: ఏ అవయవం ఉందో దానికి పరీక్ష చేయాలి. అందుకు వైద్యుడు మర్యాదగా అడగాలి, రోగి భయపడకుండా చెప్పగలగాలి.

భారతదేశంలో పరిస్థితి

2011 జనాభా లెక్కల్లో సుమారు 4.88 లక్షల మంది స్త్రీ, పురుష వర్గాలకు చెందని ‘ఇతరులు’గా నమోదయ్యారు. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మూడవ జెండర్‌ను గుర్తించింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం వైద్య విద్య పాఠ్యక్రమాన్ని సమీక్షించాలని, ఆరోగ్య బీమా కల్పించాలని ప్రభుత్వాలకు బాధ్యత అప్పగించింది.

చట్టం ఉన్నా ఆచరణలో చిక్కులు ఉంటాయి. ఓపీ చీటీలో పాత పేరు ఉంటే, దానిని అందరి ముందు గట్టిగా పిలిచినప్పుడు రోగి వెనుదిరిగి పోవచ్చు. వార్డులు ఆడవారికి, మగవారికి విడిగా ఉన్నప్పుడు పడక ఎక్కడ ఇవ్వాలన్న ప్రశ్న వస్తుంది. ఆపరేషన్‌కు ముందు ‘మీవాళ్లెవరు?’ అని అడుగుతారు. ఇల్లు విడిచి వచ్చిన హిజ్రాకు పక్కన నిలబడేది గురువు, తోటి చేలాలు. వారిని కుటుంబంగా ఒప్పుకోకపోతే నెలల తరబడి సాగే కీమోథెరపీలో రోగి ఒంటరిగా మిగిలిపోతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఈడ్స్ ఉదంతంలోని అవరోధాన్ని సామాజికమైనదని ఎందుకు అంటాం?
2. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీని పరిశీలించండి. ఈ భాగంలో చెప్పిన చిక్కులు తగ్గాలంటే అందులో ఏ మార్పులు చేయాలో 10 వాక్యాల్లో రాయండి.