నట్టల మందు ఎందుకు పట్టడం లేదు?

గొర్రెలు, మేకల పొట్టలో చేరి రక్తం పీల్చే నట్టలకు మందు తాపినా ఒక్కోసారి గుణం కనిపించదు. మందు కల్తీదని రైతులు అనుకుంటారు. కల్తీ ఒక్కటే కారణం కాదు. నట్ట కండలోనే మార్పు వచ్చి ఉండవచ్చు. ఈ గుట్టు తెలిసింది మట్టిలో బతికే ఒక చిన్న పురుగు వల్ల.

దాని పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. పొడవు ఒక మిల్లీమీటరు. గుండ్రటి నట్టల జాతిదే అయినా జీవాలకు హాని చేయదు. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ రసాయనంతో దీని జన్యువులను మార్చి చూసి, ఫలితాలను 1974లో ప్రకటించారు. అలా పుట్టిన వాటిలో కొన్ని సరిగా పాకలేకపోయాయి.

పురుగు కండలో మందపు పోగులు, సన్నపు పోగులు వరుసగా ఉంటాయి. ఇవి ఒకదాని పక్కన ఒకటి జారితేనే కండ ముడుచుకుంటుంది. మందపు పోగు మయోసిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. ‘అంక్-54’ అనే జన్యువు చెడితే ఒంటి కండలో మందపు పోగులు తగ్గి, మగ్గం మీద పడుగు చెదిరినట్లు వరుస చెదురుతుంది. పురుగు చచ్చుపడుతుంది, గుడ్లు పెట్టలేదు. గొంతు కండ మాత్రం ఆడుతూనే ఉంటుంది. దాని మయోసిన్‌కు వేరే జన్యువులున్నాయి. అందుకే తింటూ బతుకుతుంది.

మందుకు లొంగని పురుగుల సంగతీ ఇలాగే బయటపడింది. లెవమిసోల్ మందు కండ మీది ఒక తాళంలో చెవిలా పడి కండను బిగదీస్తుంది. నట్ట పట్టు వదిలి పెంటికలతో బయటికి పోతుంది. జన్యువు మారి తాళం మారితే, పోగులు బాగానే ఉన్నా చెవి పట్టదు.

ఈ మార్పును మందు పుట్టించదు. అలాంటి నట్టలు ముందే ఒకటీ అరా ఉంటాయి. మోతాదు తగ్గించినా, ఒకే మందు పదేపదే వాడినా మిగతావి చచ్చి ఇవే పెరుగుతాయి.

రైతులు చేయాల్సినవి:

* కంటి అంచనా వద్దు. జీవాన్ని తూచి, బరువును బట్టి మందు తాపాలి.

* మందు తాపే రోజున, మళ్లీ 10-14 రోజులకు పెంటికలు పరీక్ష చేయించాలి. నట్టల గుడ్లు బాగా తగ్గకపోతే పశువైద్యుని సలహాతో వేరే తరగతి మందుకు మారాలి.

* పేరు మారితే చాలదు. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ రెండూ ఒకే తరగతి.

* కొత్తగా కొన్న జీవాలను పరీక్ష అయ్యేదాకా మందలో కలపరాదు.