చిన్న దేశములు – యుద్ధవిమానముల బేరము

సంతలో ఎద్దును కొనువాడు దళారి చెప్పిన వెలను మాత్రమే విని పగ్గము చేతబట్టడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, దొడ్డిలోని గడ్డివామి ఎన్నాళ్లు వచ్చునో లెక్కించుకొనును. ఎద్దు వెల ఒక్కనాటిది. మేత మాత్రము అది బ్రదికినన్నాళ్లు పెట్టవలసినదే. ఈపాటి వివేకమును యుద్ధవిమానములను కొను ప్రభుత్వములు పలుమారు మరచుచున్నవి. ధనికరాజ్యములు ఆ మరపును సహింపగలవు. కోటి జనము మాత్రమే గల దేశమునకు ఒక్క తప్పు బేరము ముప్పదియేండ్ల భారమగును.

ముందుగా తేల్చుకొనవలసినది విమానమునకు అప్పగింపదలచిన పని. శాంతికాలమున చిన్న దేశపు యుద్ధవిమానములకు నిత్యకృత్యమొక్కటే: గుర్తు తెలియని విమానము సరిహద్దు దాటినపుడు నిమిషములలో ఎగిరి, దానిని కలిసికొని, అది యెవరిదో కనుగొని దారి మరలించుట. ఇందులకు రెండు విమానములు రేయింబవళ్లు సిద్ధముగా నుండవలెను. ఆ రెండు సిద్ధముగా నుండవలెనన్నచో మరికొన్ని మరమ్మతులోను, మరికొన్ని వైమానికుల శిక్షణలోను ఉండక తప్పదు. చెక్ దేశము, హంగరీ తొలుత చెరియొక 14 గ్రిపెన్ విమానములను తీసికొనుటకు కారణమిదియే. ఆ భారమును మోయజాలని దేశములును గలవు. లిథువేనియా, లాట్వియా, ఎస్టోనియా 2004లో నాటో కూటమిలో చేరిననాటనుండి వాటి ఆకాశమును మిత్రరాజ్యముల విమానములు వంతులవారీగా కాచుచున్నవి. శత్రుభూములకు దూరముగా సముద్రమధ్యమున నున్న న్యూజిలాండు 2001లో తన యుద్ధవిమాన దళమునే రద్దు చేసికొనెను. పని లేనిచోట విమానము కొనకుండుటయు నొక నిర్ణయమే.

ఇక వెల సంగతి. బల్గేరియా 2019లో అమెరికానుండి ఎనిమిది క్రొత్త ఎఫ్-16 విమానములను సుమారు 125 కోట్ల డాలర్లకు కొనెను. ఎనిమిదింట భాగించిన నొక్కొక్కటి 15 కోట్ల డాలర్లు దాటినది. ఆయుధములు, శిక్షణ, విడిభాగములు అన్నియు ఆ మొత్తములో జేరియున్నవి. పూర్వము విమానదళాధిపతిగా నుండిన నాటి అధ్యక్షుడు రాదేవ్ ఆ ఒప్పందమును త్రిప్పిపంపెను; శాసనసభ దానిని మరల ఆమోదించెను. సొమ్ము ముందుగనే చెల్లింపబడినను విమానములు చెప్పిన గడువునకు రాలేదు. మొదటిది 2025 ఏప్రిలులో గాని ఆ గడ్డపై దిగలేదు. అందాక పాత రష్యన్ మిగ్ విమానములతోడనే కాలము గడుపవలసివచ్చెను.

క్రొత్తవి ఖరీదైనవి గనుక పాతవి కొందుమన్నచో, అర్జెంటీనా లెక్క చూడదగినది. విస్తీర్ణమున అది పెద్ద దేశమే యైనను ఖజానా చిన్నది. 2024లో డెన్మార్కు వాడి విడిచిన 24 ఎఫ్-16 విమానములను సుమారు 30 కోట్ల డాలర్లకు అది కొనెను. ఒక్కొక్కటి కోటింబాతిక డాలర్లు, చూపునకు చౌక. ఆ యేడే అమెరికా ప్రభుత్వము ఆ విమానములకు వలయు ఆయుధములు, పరికరములు, శిక్షణ, పోషణ సహాయముల అంచనాను తన శాసనసభకు తెలిపెను. ఆ మొత్తము 94 కోట్ల డాలర్లు. అనగా ఎద్దు వెలకు మూడింతలు మేతకును సరంజామాకును కావలసివచ్చినది.

వెల చెల్లింపలేని రైతు కౌలునకు పుచ్చుకొనును. చెక్ దేశము చేసినది అదియే. 2002లో 24 గ్రిపెన్ విమానములను కొనదలచినపుడు శాసనసభ ఎగువసభలో సమ్మతి దొరకలేదు; ఆ యేటి ఆగస్టు వరదలు ఖజానాను క్రుంగదీసెను. కొనుగోలు తలంపు మానుకొని, 2004లో స్వీడనునుండి 14 విమానములను పదియేండ్ల కౌలునకు తీసికొనిరి. 2014లో ఆ కౌలును మరి పండ్రెండేండ్లు పొడిగించిరి. దేశము తన సత్తువకు మించిన అప్పులో దిగక ఆకాశమును కాచుకొనగలిగెను.

ఆ దేశమే అంతకుముందు చేసిన వేరొక పని గుణపాఠముగ నిలిచినది. తన విమానకర్మాగారమును నిలుపుకొను కోరికతో 1997లో ఎల్-159 అను స్వదేశీ తేలికవిమానములను 72 చేయించుకొనెను. అవి శబ్దవేగమును మించలేనివి. దూసుకొనివచ్చు జెట్టును తరుముటకు చాలవు. తుదకు దళములో నిలిచినవి 24 మాత్రమే. మిగిలినవానిలో పెక్కింటికి ఏండ్ల తరబడి కొట్టములే గతియయ్యెను. స్వదేశీ యన్నంతమాత్రముననే వస్తువు పనికివచ్చునని తలంచువారు ఈ 72ను గుర్తుంచుకొనవలెను.

అట్లని పరదేశి వస్తువే మేలనుట ఇంకను ప్రమాదము. వెల, పోషణ – ఈ రెంటికంటెను పెద్దదియగు మూడవ ప్రశ్న యొకటి గలదు: తాళపుచెవి యెవరియొద్ద నున్నది? 2015లో పాత మిరాజు విమానములను విరమించిన అర్జెంటీనా, కొరియావారి చౌకవిమానమగు ఎఫ్‌ఏ-50ని కొనజూచెను. 2020లో కొరియా సంస్థ చేతులెత్తివేసెను. ఆ విమానములోని ఆరు ముఖ్యభాగములు బ్రిటనువి. 1982లో మాల్వినాస్ ద్వీపములకై తనతో యుద్ధము చేసిన దేశమునకు వానిని పోనీయుటకు బ్రిటను సమ్మతింపలేదు. మన తేజస్ విమానమును అమ్మజూపినపుడును బ్రిటిషు భాగముల చిక్కే యెదురయ్యెను. అమ్మువాడు ఇష్టపడెను, కొనువాడు ఇష్టపడెను, మూడవవాడు వలదనెను. బేరము చెడెను.

ఇంకొక వింత చూడుడు. గ్రిపెన్ స్వీడనుది, ఎఫ్‌ఏ-50 కొరియాది, తేజస్ మనది. మూడు దుకాణములు, మూడు పేర్లు. కాని ఎక్కువగా వాడుకలోనున్న ఈ మూడింటి గుండెయు ఒక్కటే: అమెరికావారి ఎఫ్-404 ఇంజను. స్వీడను దానిని మార్చి తన యింట జేసికొన్నను మూలము అదియే. ఇట్టి విమానమును మూడవ దేశమునకు అమ్మవలెనన్న అమెరికా సమ్మతి వలయును. చౌకవిమానమును వెదకుచు ఎన్ని అంగళ్లు తిరిగినను ఒక్క యజమానుని గుమాస్తాయే ఎదురగుచున్నాడు.

ఈ సంగతి మనకును దూరమైనది కాదు. 2021 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము 83 తేజస్ విమానములకు హిందూస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థతో ఒప్పందము చేసికొనెను. అమెరికా ఇంజనులు ఆలస్యమగుట ఒక ముఖ్యకారణమై విమానములు గడువునకు చేతికందలేదు. 2023లో మలేషియా తేజసును కాదని 18 ఎఫ్‌ఏ-50 విమానములను ఎన్నుకొనెను. చిన్న దేశములకు నమ్మకమైన అమ్మకందారు కావలెనని మనము కోరుచో, మన విమానపు గుండె మన చేతనే తయారుకావలెను. ఆయుధముల విషయమున కొంత ముందంజ వేసితిమి. హైదరాబాదునందలి భారత్ డైనమిక్స్ సంస్థకు ఆకాశమునుండి ఆకాశమునకు ప్రయోగించు అస్త్ర క్షిపణుల తయారీ 2022లో 2,971 కోట్ల రూపాయల ఒప్పందముతో అప్పగింపబడినది. ఇంజను విషయమున నట్టి మాట చెప్పుకొను దినము ఇంకను రాలేదు.

కావున విమానమును బేరమాడు చిన్న దేశపు మంత్రి, విక్రేత పరచిన రంగుల పటములను ప్రక్కకునెట్టి మూడు సంగతులు వ్రాతమూలకముగ అడుగవలెను. నా దేశమున దీనికి పనియేమి? ముప్పదియేండ్లు దీనిని ఎగురవేయుటకు యేటేట నా రైతులపై పడు పన్నెంత? సంకటము వచ్చిననాడు ఎవరి సెలవు లేక ఇది నేల విడువదు? మూడవదానికి సరియైన బదులు రానిచో, తక్కిన రెంటికి ఎంత చౌకయైన బదులు వచ్చినను అది బేరము కాదు. పరుల గాటికి పగ్గము కట్టియున్న ఎద్దును కొన్నవాడు తన పొలమును దున్నుకొనుటకు వారి సెలవుకై కాచుకొనవలసినదే.