వ్యంగ్య ప్రదర్శనలపై నిషేధం - భావప్రకటన స్వేచ్ఛ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాలకులను, ప్రముఖులను హాస్యం ద్వారా విమర్శించే ప్రదర్శనలను అదుపు చేయడానికి వలస ప్రభుత్వం 1876లో ప్రత్యేక చట్టాన్ని తెచ్చింది. ఆ చట్టం నేడు లేదు. అయినా లిఖితపూర్వక ఉత్తర్వు లేని నిషేధాలు కొనసాగుతున్నాయి. ఈ మార్పు భావప్రకటన స్వేచ్ఛపై చూపే ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యంగ్యం, ప్రహసనం, నాటక ప్రదర్శనల చట్టం, 19వ అధికరణం, స్వీయ నియంత్రణ.

1. ఉపోద్ఘాతం:
భారతీయ నాట్యశాస్త్రం దశరూపకాలలో ప్రహసనానికి స్థానం కల్పించింది. దాంభికులను నవ్వులపాలు చేయడం దాని ప్రధాన లక్షణం. తెలుగులో కందుకూరి వీరేశలింగం ఈ ప్రక్రియను సంఘసంస్కరణకు సాధనంగా చేసుకున్నారు. వ్యాసరూపంలోని విమర్శ చదువరులకే పరిమితమవుతుంది. అదే విమర్శ రంగస్థలం మీద హాస్యంగా మారితే నిరక్షరాస్యులకు కూడా చేరుతుంది. నలుగురూ కలిసి నవ్విన తరువాత అధికారం పట్ల బెరుకు సడలుతుంది. పాలకులు వ్యంగ్యాన్ని అనుమానంతో చూడడానికి ఇదొక ముఖ్య కారణం.

2. 1876 నాటి చట్టం:
వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనలో భాగంగా కలకత్తాలో జగదానంద ముఖర్జీ అనే న్యాయవాది ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంటి స్త్రీలు ఆయనకు స్వాగతం పలకడం బెంగాలీ సమాజంలో వివాదానికి దారితీసింది. ఈ సంఘటన ఆధారంగా గ్రేట్ నేషనల్ థియేటర్ 1876 ఫిబ్రవరిలో 'గజదానంద ఓ యువరాజ్' అనే ప్రహసనాన్ని ప్రదర్శించింది. పోలీసులు అడ్డుపడగా నటులు పేరు మార్చి మళ్ళీ ఆడారు. ఫిబ్రవరి 29న వైస్రాయి నార్త్‌బ్రూక్ ఆర్డినెన్సు జారీ చేశాడు. ఆ సంవత్సరాంతానికి అది నాటక ప్రదర్శనల చట్టంగా రూపొందింది.

ఒక ప్రదర్శన పరువుకు భంగకరమనో, ప్రభుత్వంపై విముఖత కలిగిస్తుందనో, ప్రేక్షకుల నీతిని చెరుస్తుందనో ప్రభుత్వం అభిప్రాయపడితే చాలు, దానిని నిషేధించవచ్చు. ఉల్లంఘనకు మూడు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చు. 1956లో అలహాబాద్ హైకోర్టు ఈ చట్టం రాజ్యాంగవిరుద్ధమని తీర్పునిచ్చింది. శాసనగ్రంథాల నుండి దానిని పూర్తిగా తొలగించింది మాత్రం 2018లోనే.

3. రాజ్యాంగ రక్షణ - పరిమితులు:
రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను ప్రసాదించింది. 19(2) అధికరణం శాంతిభద్రతలు, సభ్యత, పరువునష్టం మొదలైన నిర్దిష్ట కారణాలపై, అదీ చట్టం ద్వారా మాత్రమే, సమంజసమైన పరిమితులను అనుమతించింది. ఒకరు నవ్వులపాలు కావడం ఆ కారణాలలో లేదు. నిరసనకారులు అల్లర్లు చేస్తారన్న భయంతో ప్రభుత్వం భావప్రకటనను అణచరాదని, దానిని కాపాడడమే ప్రభుత్వ బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో రంగరాజన్ కేసులో స్పష్టం చేసింది.

4. ఉత్తర్వు లేని నిషేధం:
2019లో అదే కలకత్తా నగరంలో మరో వ్యంగ్య రచనకు ఆటంకం ఎదురైంది. 'భవిష్యతేర్ భూత్' అనే బెంగాలీ చలనచిత్రం సెన్సార్ ధ్రువపత్రంతో ఫిబ్రవరి 15న విడుదలైంది. అంతకుముందే పోలీసులు తమ ఉన్నతాధికారులకు చిత్రాన్ని చూపమని కోరగా నిర్మాతలు అంగీకరించలేదు. విడుదలైన మరునాడే చాలా థియేటర్ల నుండి చిత్రం మాయమైంది. నిషేధ ఉత్తర్వు మాత్రం ఎక్కడా లేదు. ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ తీరును తప్పుపట్టి, నిర్మాతలకు, ప్రదర్శకులకు 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటుంది. 1876 నాటి నిషేధానికి సంతకం, తేదీ ఉండేవి. కనుక దానిని న్యాయస్థానంలో ప్రశ్నించే వీలుండేది. మౌఖిక ఆదేశానికి అవేవీ ఉండవు. బాధితుడు ముందుగా నిషేధం ఉన్నదనే నిరూపించుకోవాలి. ఈలోగా వ్యంగ్యానికి కాలం మించిపోతుంది. రాజకీయ వ్యంగ్యం ఆనాటి సందర్భం మీద ఆధారపడి బతుకుతుంది. ఆ తీర్పు వెలువడిన రోజే పార్లమెంటు ఎన్నికల తొలి విడత పోలింగ్ జరిగింది. పరిహారం నష్టాన్ని కొంత పూడ్చగలదేమో కాని, పోయిన సమయాన్ని తిరిగి తేలేదు.

5. రెండు నగరాల అనుభవం:
2021 నవంబరులో బెంగళూరు పోలీసులు శాంతిభద్రతలను కారణంగా చూపి హాస్య కళాకారుడు మునావర్ ఫారూఖీ ప్రదర్శనను రద్దు చేసుకోమని నిర్వాహకులకు సూచించారు. ప్రదర్శన ఆగిపోయింది. 2022 ఆగస్టులో హైదరాబాదు శిల్పకళావేదికలో అదే కళాకారుని ప్రదర్శనకు బెదిరింపులు వచ్చినా, భారీ పోలీసు బందోబస్తు మధ్య అది జరిగింది. బెదిరింపులు రెండుచోట్లా ఉన్నాయి. భేదమల్లా వాటికి ప్రభుత్వ యంత్రాంగం స్పందించిన తీరులోనే ఉంది.

6. ముగింపు:
నిషేధానికి గురైన రచన వార్తలకెక్కుతుంది. దానిని చూసి భయపడి మానుకున్న రచన ఎవరికీ తెలియదు. థియేటర్ యజమాని చిత్రాన్ని వద్దనుకోవడం, రచయిత రాసిన వాక్యాన్ని తానే కొట్టివేయడం ఏ లెక్కల్లోకీ రావు. వ్యంగ్య నియంత్రణ వల్ల కలిగే ప్రధాన నష్టం ఈ స్వీయ నియంత్రణే. కనుక చట్టం రద్దు కావడంతోనే స్వేచ్ఛ సిద్ధించినట్లు కాదు. ప్రదర్శనను ఆపదలచిన అధికారి ఆ మాటను కారణంతో సహా కాగితంపై రాసి సంతకం చేయాలి. అప్పుడే దానిని ప్రశ్నించే హక్కు పౌరునికి ఆచరణలో దక్కుతుంది.