రోబోట్ బండికి చక్రాలు మనమే చేద్దాం

తరగతి గచ్చుమీద చక్కగా పరుగెత్తే రోబోట్ బండిని ఒకసారి బడి మైదానంలో దించి చూడండి. మన అనంతపురం ఎర్రనేల, గరుసు, గులకరాళ్ళు! కాస్తదూరం పోయి నిలిచిపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది. చక్రం మాత్రం ఉన్నచోటనే గుంట తవ్వుకుంటుంది. బజారులో దొరికే సన్నని చక్రాలు గచ్చుకు సరిపోతాయి గాని ఈ నేలకు పనికిరావు.

మరి ఎంత చక్రం కావాలి? మోటారు ఇరుసు నిమిషానికి 100 చుట్లు తిరుగుతుందనుకుందాం. చక్రం వ్యాసం 7 సెం.మీ. అయితే ఒక చుట్టుకు 22 సెం.మీ., నిమిషానికి 22 మీటర్లు పోతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే వేగమూ రెట్టింపవుతుంది, కాని నేలను వెనక్కు తోసే బలం సగమైపోతుంది. అందుచేత వ్యాసంకంటే వెడల్పు పెంచడం మేలు. బరువు ఎక్కువ చోట పరచుకుంటుంది కనుక చక్రం ఇసుకలో దిగబడదు. ఒంటె పాదం వెడల్పుగా ఉండేది ఇందుకే.

పల్లెల్లో పిల్లలు అరిగిన హవాయి చెప్పులను గుండ్రంగా కోసి బొమ్మబండ్లకు చక్రాలు చేస్తారు. రోబోట్‌కు కూడా ఇంతకంటే మంచి సరుకు లేదని నా అభిప్రాయం. మూడు బిళ్ళలు కోసి, పంక్చరు షాపువాళ్ళు వాడే సొల్యూషన్‌తో అతికించండి. మోటారు ఇరుసు రెండు పక్కలా చదునుగా ఉంటుంది. గుండ్రటి బెజ్జం చేస్తే ఇరుసు ఒక్కటే తిరిగి చక్రం కదలదు. గట్టి ప్లాస్టిక్ బిళ్ళలో ఇరుసు ఆకారానికే బెజ్జం రాకి, దాన్ని రబ్బరుకు మరలతో బిగించాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. ఎడమ చక్రం 70 మి.మీ., కుడి చక్రం 71 మి.మీ. వచ్చాయనుకోండి. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది! చక్రాల మధ్య దూరం 15 సెం.మీ. అయితే, బండి తిన్నగా పోక పదిన్నర మీటర్ల వ్యాసార్ధంతో వలయం కొడుతుంది. రెండు మీటర్లు పోయేసరికి 19 సెం.మీ. ఎడమకు జరిగిపోతుంది. అందుకని రెండు చక్రాలనూ ఒకే బోల్టుకు జంటగా బిగించి, గరుకు కాగితంమీద కలిపి అరగదీయండి.

ఇక పట్టుకోసం చక్రం చుట్టూ అడ్డగట్లు కావాలి. 2012లో అంగారకుడిమీద దిగిన క్యూరియాసిటీకి 50 సెం.మీ. అల్యూమినియం చక్రాలు ఆరు. గట్ల మధ్య రేకు మందం ముప్పావు మిల్లీమీటరే. 2013కల్లా మొనదేలిన రాళ్ళు దానికి చిల్లులు పొడిచాయి. 2021లో దిగిన పర్సెవరెన్స్‌కు రేకు మందం పెంచి, గట్లను 24 నుంచి 48 చేశారు. మీ చెప్పు చక్రానికి ఎన్ని గట్లు సరిపోతాయో, పలకమీద ఇసుక పరచి, ఒక చివర కొద్దికొద్దిగా పైకెత్తుతూ బండి ఎక్కడ జారుతుందో కొలిచి చూడండి.