ఓషధిని ఎరిగిన పిదపనే ఔషధం

ఇటలీ దేశంలోని పాదువా విశ్వవిద్యాలయ ఓషధీవనం వైద్యులందరూ చూడదగిన చోటు. 1545లో వెలసిన ఆ వనం నేటికీ అదే స్థలంలో ఉన్నది. 1997లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

ఆ వనం వెలసిన కారణం మనకు ముఖ్యం. ఆ కాలంలో మూలికల వర్తకులు తెలిసో తెలియకో ఒక మొక్కకు బదులు మరొకటి ఇచ్చేవారు. ఫలితం రోగి అనుభవించేవాడు. విద్యార్థులు గ్రంథంలోని పేరుతో తృప్తి చెందక, సజీవమైన మొక్కను చూచి నేర్వవలెనని ఫ్రాంచెస్కో బొనాఫెదె అనే ఆచార్యుడు కోరగా, వెనిస్ ప్రభుత్వం అంగీకరించినది. అరుదైన మొక్కలు దొంగలపాలు అవుతుండగా, వనం చుట్టూ వలయాకారపు ప్రాకారం కట్టించినారు.

అచ్చట 1585లో నాటిన పొట్టి తాళవృక్షం ఒక గాజుగృహంలో నేటికీ సజీవంగా ఉన్నది. 1786లో జర్మన్ కవి గోథే దానిని పరిశీలించినాడు. అడుగున లేత ఆకులు బల్లెపు మొనవలె విడిగా ఉండగా, పైకి పోయేకొద్దీ చీలి విసనకఱ్ఱ రూపం దాల్చుట ఆయనను ఆకర్షించినది. ఒక్క ఆకును చూచి మొక్కను నిర్ణయింపరాదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

గురుకులంలో మాకు కూడ శ్లోకం వెంటనే మొక్కను చూపి, ఆకు, పువ్వు, కాయ, వేరు గుర్తింపజేసేవారు. నేడు ఆ అలవాటు సన్నగిల్లినది. వీధుల వెంట నిటారుగా పెరిగే నరమామిడిని చాలమంది అశోకం అంటారు. దాని ఆకు ఒంటియాకు, అంచులు అలలవలె ఉండును, పూలు పచ్చనివి. నిజమైన అశోకానికి ఒకే కాడపై జతలుగా ఆకులుండును. నారింజవన్నె పూలు గుత్తులుగా పూచి ఎఱ్ఱబారును. రక్తప్రదరంతో బాధపడే స్త్రీకి నరమామిడి పట్టతో కషాయం ఇచ్చినచో రక్తస్రావం ఆగదు, కాలం వ్యర్థమగును, నింద ఆయుర్వేదంపై పడును.

పునర్నవ విషయం కూడ ఇంతే. అటికమామిడిని కొందరు గలిజేరు అంటారు; వేరొక మొక్కకు కూడ ఆ పేరే కలదు. పేరును నమ్మి పెరటి మొక్కను పీకరాదు.

కాబట్టి పాఠకులు తమకు చేరువలోని విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖవారి తోటకు, అనుమతి తీసుకొని, వెళ్ళవలెను. పునర్నవను వర్షర్తువులో, అశోకాన్ని వసంతంలో చూడవలెను. ఫలకంపై ఉన్న శాస్త్రీయనామం వ్రాసికొనండి. ఆకు అమరిక, పువ్వు రంగు గమనించండి. మొక్కను త్రుంచకండి, రుచి చూడకండి. సందేహం మిగిలిన మూలికతో ఇంట కషాయం కాచకండి. తెలిసిన వైద్యునికి చూపిన తరువాతనే వాడండి.