వీసా లేకున్నా కార్డు కావాలి

పశుపతినాథుణ్ని, ముక్తినాథుణ్ని చూసొద్దామని బయల్దేరే మనవాళ్లలో చాలామంది నేపాల్‌ను పక్క రాష్ట్రంలాగే లెక్కేసుకుంటారు. భారతీయులకు నేపాల్, భూటాన్‌లకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ తప్పనిసరి కాదు. ఆ మాట నిజమే. దాన్ని సాగదీసుకోవడంతోనే చిక్కులు వస్తున్నాయి.

అపోహ: నేపాల్ విమానం ఎక్కడానికి ఆధార్ చాలు.
వాస్తవం: పెద్దలకు గడువు తీరని పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ మన దేశంలో నివసించేవారికిచ్చే గుర్తింపు. ఇక్కడ ఉంటున్న విదేశీయులూ దాన్ని తీసుకోవచ్చు కనుక అది పౌరసత్వానికి రుజువుగా చెల్లదు. 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 దాటినవారికి మాత్రం 2019 నుంచి ఆధార్‌నూ అనుమతిస్తున్నారు.

అపోహ: పిల్లలు వెంట ఉంటే తల్లిదండ్రుల కార్డులే సరిపోతాయి.
వాస్తవం: 15 నుంచి 18 ఏళ్లలోపు వారి విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. వాళ్లకు ఓటు ఉండదు, ఆధార్ సడలింపూ వర్తించదు. పాస్‌పోర్టు లేకుండా విడిగా వెళ్తే బడి ప్రిన్సిపాల్ నుంచి నిర్ణీత నమూనాలో గుర్తింపు పత్రం తీసుకెళ్లాలి. కుటుంబంతో వెళ్తే పెద్దల్లో ఒకరి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, కానీ పిల్లల దగ్గరా ఫొటో ఉన్న గుర్తింపు, బంధుత్వానికి రుజువు ఉండాలి.

అపోహ: భూటాన్‌లోనూ ఇవే నియమాలు.
వాస్తవం: అక్కడ ప్రవేశ అనుమతి పత్రం తీసుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, లేదా ఓటరు కార్డు చూపాలి. పిల్లలకు జనన ధ్రువపత్రం అవసరం. 2022 సెప్టెంబరు నుంచి భారతీయ పర్యాటకులు తలకు రాత్రికి రూ.1,200 రుసుం కడుతున్నారు. భార్యాభర్తలు నాలుగు రాత్రులుంటే ఈ ఒక్క పద్దే రూ.9,600.

అపోహ: అమెరికా నుంచి వచ్చిన అబ్బాయికి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డుంది, వీసా అక్కర్లేదు.
వాస్తవం: 1950లో భారత్, నేపాల్ కుదుర్చుకున్న శాంతి, మైత్రి ఒప్పందం ఇచ్చిన వెసులుబాటు ఈ రెండు దేశాల పౌరులకే. ఓసీఐ కార్డున్నవారు మన దేశ పౌరులు కారు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న అబ్బాయి నేపాల్‌కు వీసా రుసుం కట్టాల్సిందే. ఒకే ఇంటివాళ్లయినా కాఠ్‌మాండూ విమానాశ్రయంలో వరుసలు వేరవుతాయి.

అపోహ: నేపాల్ చేరితే మానససరోవరానికీ అలాగే వెళ్లిపోవచ్చు.
వాస్తవం: సరోవరం ఉన్నది చైనా ఏలుబడిలోని టిబెట్‌లో. పాస్‌పోర్టు, చైనా వీసా, టిబెట్ ప్రయాణ అనుమతి మూడూ కావాలి.

అపోహ: సొంత కారుతో నేరుగా నేపాల్ సరిహద్దు దాటేయొచ్చు.
వాస్తవం: సరిహద్దు కస్టమ్స్ కార్యాలయంలో బండికి అనుమతి తీసుకుని, ఉండే రోజుల లెక్కన రుసుం కట్టాలి. అక్కడివారు దీన్ని భన్సార్ అంటారు.

టికెట్లు కొనేముందే ఇంట్లో ఎవరికి ఓటరు కార్డుందో, ఎవరి పాస్‌పోర్టు గడువు తీరిందో చూసుకోండి. ఫోన్‌లోని ఫొటోను నమ్ముకోకుండా అసలు కార్డే సంచిలో పెట్టుకోండి.